చెంబెడు నీళ్లతో కారు కడుగుట

2024వ సంవత్సరము మార్చి నెలలో, పరీక్షల దినములలో, మన బడిలో చదువుచున్న ఒక బాలిక తండ్రి మా యొద్దకు వచ్చినారు. ఆయన ప్రతిదినము తెల్లవారకమునుపే హోసూరులో బస్సెక్కి, బెంగుళూరు ఎలక్ట్రానిక్ సిటీ ప్రాంతములోని ఒక పెద్ద మేడల సముదాయమునకు పోయి, అచ్చటి కార్లను కడిగి వచ్చువారు. పదునెనిమిది కార్లు ఆయన వంతు. వారమున కొకసారి పైపు పట్టి కడుగుట, తక్కిన దినములలో అర బకెట్టు నీటితో తుడుచుట, ఇది ఆయన పని. ఆ సంపాదనతోనే బిడ్డ చదువు, ఇంటి బాడుగ జరుగవలెను.

“అయ్యవారూ, కొళాయి కట్టేసినారు. నీళ్లు లేకుంటే కారు ఎట్లా కడిగేది? ఇంక పనికి రావద్దంటా ఉండారు” అని ఆయన అడిగినారు. విజ్ఞానశాస్త్రము బోధించువారమై యుండియు ఆ ప్రశ్నకు ఆనాడు మేము సమాధానము చెప్పలేకపోతిమి. సెలవులలో కొన్ని పుస్తకములు తిరుగవేసి, మా పాత కారుమీద మన విజ్ఞానసంఘపు పిల్లలతో కలిసి కొన్ని ఆదివారములు ప్రయోగములు చేసిన పిదప, చెప్పదగిన దేదో తేలినది. అదియే ఇక్కడ వ్రాయుచున్నాము.

ముందుగా ఆ కొళాయి యేల కట్టివేయబడినదో చెప్పవలెను. 2023లో వానలు సరిగా కురియలేదు. దానిచే బెంగుళూరు నగరములోని ప్రభుత్వపు బోరుబావులు, సుమారు 14 వేలలో, దాదాపు సగము ఎండిపోయినవి. కావేరి నీరు తెచ్చుకొందమన్న, అది 100 కిలోమీటర్ల దూరమునుండి, మూడు అంచెలుగా పంపులు పెట్టి, దాదాపు అర కిలోమీటరు ఎత్తునకు తోడి తేవలసిన నీరు. అందుచే నగరపు నీటి సరఫరా బోర్డువారు ఆ మార్చి నెలలో ఒక ఉత్తరువు వెలువరించిరి. త్రాగునీటితో వాహనములు కడుగరాదు, తోటలకు పోయరాదు, కట్టడములకు వాడరాదు. మీరినవారికి 5,000 రూపాయల జరిమానా. 2025 ఫిబ్రవరిలో మరల ఇట్టి ఉత్తరువే వచ్చినది. తప్పు మానని వారు దినమునకు 500 రూపాయల చొప్పున అదనముగా చెల్లింపవలెనని అందులో చెప్పిరి.

ఇది బెంగుళూరు మాట మాత్రమే యని అనుకొనరాదు. చెన్నపట్టణమునకు 1996 మొదలు తెలుగుగంగ కాలువగుండ కృష్ణానీరు వచ్చు నేర్పాటున్నను, 2019 వేసవిలో ఆ పట్టణపు చెరువులు నాలుగును అడుగంటినవి. ఆ జూలై నెలలో, మన కృష్ణగిరి జిల్లాకు పొరుగుననే యున్న జోలార్‌పేటనుండి రైలుబండ్లలో నీరు నింపి పంపిరి. బండి కొకటికి 50 ట్యాంకులు, సుమారు 25 లక్షల లీటర్లు. ఈ సంఖ్యను పిల్లలు జ్ఞాపకముంచుకొనవలెను, దీనితో మనకు పని యున్నది.

కారు కడుగుటకు ఎన్ని నీళ్లు పట్టును? పుస్తకములలో ఒక్కొక్కరు ఒక్కొక్క లెక్క చెప్పుదురు గనుక, మేము మన బడి కొళాయికే పైపు తగిలించి కొలిచి చూచితిమి. 15 లీటర్ల బకెట్టు నిండుటకు 65 సెకండ్లు పట్టినది. అనగా నిమిషమునకు 14 లీటర్లకు కొంచెము తక్కువ. పైపు కట్టివేయకుండ కారు కడుగుటకు ఒక పెద్ద పిల్లవానికి 11 నిమిషములు పట్టినది. వెరసి సుమారు 150 లీటర్లు. మన దేశములో నగరవాసికి దినమునకు 135 లీటర్లు కావలెనని భారతీయ ప్రమాణముల సంస్థ నిర్ణయించినది; 2019లో ప్రారంభమైన జల జీవన్ మిషన్ గ్రామములలో మనిషికి 55 లీటర్లు అందవలెనని చెప్పినది. కాబట్టి ఒక్క కారు ఒక్క మారు స్నానము చేసిన, ఒక పల్లెవాసి దాదాపు మూడు దినములు వాడుకొను నీరు మోరీ పాలగును. పదునెనిమిది కార్లకు 2,700 లీటర్లు, అనగా ఇరువదిమంది నగరవాసుల ఒకనాటి నీరు. జోలార్‌పేటనుండి పోయిన బండెడు నీటితో ఎన్ని కార్లు కడుగవచ్చునో ఎనిమిదవ తరగతి పిల్లలు భాగించి చూచుకొనగలరు. పదునేడు వేలకు కూడ చాలదు. అంత పెద్ద పట్టణములో పదునేడు వేల కార్లు ఏపాటి?

అయినను నీటిని నిందించి ప్రయోజనము లేదు. నీరు అక్కడ ఊరక పారుట లేదు, ఒక పని చేయుచున్నది. ఆ పని యేదో తెలిసికొనిననేగాని దానిని తగ్గించు ఉపాయము తోచదు.

కారుమీద పేరుకొను దుమ్ము మెత్తనిదిగా కనబడును. కాని మనది రాతిసీమ. చుట్టును గ్రానైటు కొండలు, క్వారీలు, కంకర లారీలు. గ్రానైటులో క్వార్ట్‌జ్ అను ఖనిజము విస్తారముగా నుండును. కాఠిన్యమును కొలుచు మోస్ కొలమానములో దాని స్థానము 7. గాజుది సుమారు 5½. అనగా మన యెఱ్ఱదుమ్ములోని సన్నని రేణువు గాజునే గీయగలదు. ఇక కారు రంగు సంగతి చూడుడు. రేకుమీద పూసిన రంగుపై, మెరుపుకొరకు, క్లియర్ కోటు అను పారదర్శకమైన పొర యొకటి యుండును. దాని మందము సాధారణముగా 40, 50 మైక్రాన్లు, మన తలవెండ్రుక మందముకంటె తక్కువ. అది ఒక విధమైన ప్లాస్టికు. ఆ పలుచని పొరపై క్వార్ట్‌జ్ రేణువును పెట్టి గుడ్డతో రుద్దిన ఏమగునో వేరుగ చెప్పనక్కరలేదు.

మేము చెప్పనక్కరలేకయే తెలిసికొంటిమి. కొన్ని సంవత్సరముల క్రిందట, ఉగాదికి బంధువులు వచ్చుచున్నారని, ఇంట నీళ్లు లేక, పాత పంచె ముక్క యొకటి తీసికొని కారును పొడిగుడ్డతోనే తళతళలాడునట్లు తుడిచితిమి. నీడలో ఎంతో చక్కగా కనబడినది. మరునాడు ఎండలో చూడగా బానెట్టుపై సాలెగూడువలె గుండ్రని గీతలు. అవి నేటికిని పోలేదు. మా బావగారు ఆ కారు ఎక్కిన ప్రతిసారి వానివంక చూచి, నోట ఏమియు ననక, నవ్వి ఊరకుందురు.

పైపునీటి గొప్పతన మిక్కడనే యున్నది. అది రేణువును తాకి, పైకెత్తి, రంగుపై రుద్దకుండ క్రిందికి కొట్టుకొని పోవును. నూనెజిడ్డు నుండిన దానికి సబ్బు తోడు కావలెను. సబ్బు అణువునకు ఒక కొన నీటిని, మరియొక కొన నూనెను ఆశ్రయించునని పదవ తరగతివారు చదివియున్నారు. మొత్తముమీద నీరు చేయు పనులు మూడు: మట్టిని నానబెట్టుట, రేణువునకు రంగునకు నడుమ జారుడు కల్పించుట, దానిని మోసికొని పోవుట. ఈ మూడవ పనికే ఆ 150 లీటర్లలో అధికభాగము చెల్లిపోవును. మోయుపనిని మరియొక దానికి అప్పగింపగలిగిన, మొదటి రెండు పనులకు చెంబెడు నీళ్లు చాలును. ఆ మరియొకటియే గుడ్డ.

“మే మర బకెట్టుతో గుడ్డపెట్టి తుడిచేది అదే కదా” అని ఆ తండ్రిగారు వెంటనే అన్నారు. సరియైన మాటయే. మన ఊళ్లలో డ్రైవర్లు, కార్లు కడుగువారు చిరకాలముగా తక్కువ నీటితోనే పని గడుపుకొనుచున్నారు. అందులోని లోపము నీరు తక్కువగుటలో లేదు. ఒక్క గుడ్డ, ఒక్క బకెట్టు, అదీ లోపము. మొదటి తలుపు తుడిచి గుడ్డను బకెట్టులో జాడించినప్పుడు ఇసుక నీటిలో చేరును. రెండవ తలుపునకు అదే గుడ్డను ముంచినప్పుడు ఆ యిసుక మరల గుడ్డకెక్కును. నాలుగవ కారు వచ్చునప్పటికి, నిజము చెప్పవలెనన్న, గరుకు కాగితముతో తుడుచుచున్నట్లే. ఇసుక కారునుండి బయలుదేరి ఎక్కడికి పోవుచున్నది, తిరిగి కారుకు రాకుండ ఏమి అడ్డమున్నది అని ప్రశ్నించుకొనిన, తక్కిన పద్ధతియంతయు తనంతట తానే తెలియును.

ఇందుకు పనికివచ్చు గుడ్డను మైక్రోఫైబరు గుడ్డ యందురు. ఇప్పుడు హోసూరు బజారులో వాహనముల సామాను అమ్ము అంగళ్లన్నిటను దొరకును. పాలియెస్టరు, నైలాను జాతి పోగులు కలిపి దీనిని చేయుదురు. దీని పోగు ఒక డెనియరుకంటె సన్నము; అనగా తొమ్మిది వేల మీటర్ల పోగు తూచిన ఒక గ్రాము కూడ తూగదు. పట్టుపోగుకంటెను సన్నమన్నమాట. పైగా ఒక్కొక్క పోగును నారింజతొనలవలె నిలువుగ చీల్చియుందురు. ఆ చీలికల సందులలో రేణువులు దూరి కూర్చుండును. నూలుగుడ్డపై నయిన రేణువు పైపైననే నిలిచి రంగును గీయును. ఇందులో లోతునకు పోయి దాగును. కుచ్చు ఒత్తుగా, లోతుగా నున్న గుడ్డనే కొనవలెను. పలుచని గుడ్డ అద్దములకు మాత్రమే పనికివచ్చును.

గుడ్డకు తోడు ద్రవమొకటి కావలెను. కడిగిన పిదప మరల నీళ్లు పోయనక్కరలేని కారు షాంపూలు అమ్ముదురు. వీనిలో మురికిని విడదీయు పదార్థముతోబాటు, రేణువును చుట్టుకొని దానిని జారునట్లు చేయు పదార్థములు కూడ నుండును. ఎనిమిది లీటర్ల నీటికి 30 మిల్లీలీటర్లు కలుపవలసిన రకములు కలవు. ఏ రకమునకు ఆ రకపు సీసాపై వ్రాసిన కొలతనే పాటింపవలెను. ఎక్కువ పోసిన ఎక్కువ తెల్లబడునని మన తల్లులు బట్టల పొడి విషయమున నమ్మునట్లు ఇక్కడ నమ్మరాదు, జిగట మిగులును. గిన్నెలు తోము సబ్బు అసలే వలదు. అది జిడ్డుతోబాటు రంగునకు రక్షణగా పూసిన మైనమును కూడ ఊడ్చివేయును. కొందరు డ్రైవర్లు మెరుపు వచ్చునని కిరసనాయిలు గుడ్డతో తుడుచుట చూచియున్నాము. ఆ మెరుపు నూనె మెరుపు. సాయంకాలమునకు రోడ్డుమీది దుమ్మంతయు దానికి అంటుకొనును, తలుపుల రబ్బరు కూడ చెడును.

ఇక పద్ధతి. బకెట్టులో నాలుగు లీటర్ల నీరు పోసి, ద్రవము కలిపి, ఆరు గుడ్డలను అందులో నానవేయవలెను. కారు నీడలో, రేకు చల్లగా నుండవలెను. వేడిరేకుపై నీరు మనము తుడువకమునుపే ఆరి మరక కట్టును. ఒక గుడ్డను తీసి, నీరు కారకుండునంత మట్టుకు పిండి, నాలుగు మడతలు పెట్టిన దానికి ఎనిమిది ముఖములు ఏర్పడును. మొదట కారు పైకప్పు. బరువు పెట్టకుండ, గుడ్డ తన బరువుతోనే పోవునట్లు, ఒకే దిశలో తిన్నగా లాగవలెను. గుండ్రముగా రుద్దరాదు. రెండుమూడు లాగుళ్లు కాగానే ముఖము మార్చవలెను. ఎనిమిది ముఖములును మాసిన పిదప ఆ గుడ్డను ప్రక్కన వేరొక పాత్రలో పడవేయవలెనేగాని, ఎట్టి పరిస్థితులలోను బకెట్టులో మరల ముంచరాదు. ఈ ఒక్క నియమములోనే విద్య అంతయు నున్నది. బకెట్టులోని నీరు చివరివరకు తేటగా నున్న పని సరిగా జరిగినట్లు. తరువాత అద్దములు, బానెట్టు, తలుపుల పైభాగములు, కట్టకడపట తలుపుల అడుగుభాగములు. చక్రములకు వేరు గుడ్డ. బ్రేకులనుండి రాలిన ఇనుపపొడి అక్కడ నుండును, ఆ గుడ్డ కారు ఒంటిని తాకరాదు. ఒక్కొక్క భాగము తుడిచినవెంటనే పొడి గుడ్డతో ఒత్తి ఆరబెట్టవలెను. మన బోరునీరు ఉప్పునీరు. దానిని ఆరిపోనిచ్చిన కాల్షియము, మెగ్నీషియము లవణములు తెల్లని చుక్కలుగా మిగిలిపోవును, నీళ్లు కాచు గిన్నె అడుగున కట్టిన తెల్లపెచ్చు వంటివే ఇవియు. ఇంటిపైని వాననీరు పట్టుకొని వాడిన ఈ బాధ లేదు. తమిళనాట ప్రతి కట్టడమునకు వాననీటి సేకరణ యుండవలెనని 2003లోనే నిర్బంధము చేసిరి. కట్టిన తొట్లలో ఎన్ని పనిచేయుచున్నవో ఎవరి యింటిది వారు చూచుకొనవలెను.

దినదినము తుడుచు కారుపై పలుచని దుమ్మే యుండును గనుక బకెట్టు కూడ అక్కరలేదు. అదే ద్రవమును, ఇంకను కొంచెము చిక్కగా, పిచికారీ సీసాలో పోసి, ఒక భాగముపై బాగుగ తడియునట్లు చల్లి, అరనిమిషము ఆగి, మడత గుడ్డతో పైనచెప్పినట్లే ఎత్తివేయవలెను. మాకు కారున కొకటికి అర లీటరు పట్టినది. ఆ అరనిమిషము ఆగుటలోనే పిల్లలందరును తప్పినారు. చల్లినవెంటనే తుడువవలెనని చేతులు దురదపుట్టును. పక్షిరెట్ట ఎండి యున్నచోట తడిగుడ్డను ఐదు నిమిషములు కప్పియుంచి, మెత్తబడిన పిదప తీయవలెను. అది రంగును తినివేయును గనుక రేపు చూతమని వదలరాదు.

ఆవిరితో కడుగు యంత్రములు కూడ నగరములలో వచ్చినవి. ఒక లీటరు నీరు మరిగిన సుమారు 1,700 లీటర్ల ఆవిరి యగును గనుక కొంచెము నీటితోనే పని జరుగును. కాని ఆ యంత్రపు ఖరీదు మన తండ్రుల చేతికి అందునది కాదు.

నీళ్లే లేకుండ కారు కడుగవచ్చునని సీసాలపై వ్రాసి అమ్ముచున్నారు. ఆ మాటలో కొంత దాపరిక మున్నది. గుడ్డలను ఎవరు ఉతుకుదురు? వానికి నీరు వలదా? మేము దానిని కూడ లెక్కించితిమి. పదునెనిమిది కార్లకు పిచికారీకి 9 లీటర్లు; మాసిన గుడ్డలన్నిటిని ఉతికి జాడించుటకు రెండు బకెట్లు, 30 లీటర్లు. మొత్తము 39. వెనుకటి అర బకెట్టు పద్ధతిలో ఆ కార్లకు సుమారు 135 లీటర్లు పట్టుచుండెను, గీతలు వేరు. ఆ 30 లీటర్లు త్రాగునీరు కానక్కరలేదు గాని చివరి జాడింపు నీరు ఇసుక లేనిదై యుండవలెను. ఈ గుడ్డలను ఇంటిబట్టలతో కలిపి ఉతుకరాదు, నూలు పీచు వీని చీలికలలో చిక్కుకొనును. వేడినీరు, ఇస్త్రీ తగలరాదు. నేలపై జారిపడిన గుడ్డను దులిపి మరల వాడరాదు. మన విజ్ఞానసంఘములో ఈ విషయమై పెద్ద వాదమే జరిగి, పడిన గుడ్డ చక్రములకు పోవలెనని తీర్మానమైనది.

ఈ పద్ధతికి లొంగని మురికి కలదు. వానకాలములో పల్లెబాటన పోయివచ్చి, బురద పెచ్చులు కట్టిన కారును గుడ్డతో ముట్టరాదు. దానిపై నీరు పోసి, నాని జారిపోవువరకు ఆగుటయే దారి. అప్పుడైనను పైపు విడిచిపెట్టనక్కరలేదు. మగ్గుతో పైనుండి పోసి ఒకటిన్నర బకెట్టులో మేము బురద వదలగొట్టితిమి. ఆ తరువాత నాలుగు లీటర్ల పద్ధతి. కారు అడుగుభాగమునకు అంటిన బురదకు మాత్రము నీటిధార తప్పదు. వ్యర్థజలమును శుద్ధిచేసి తిరిగి వాడు సర్వీసు స్టేషనున కప్పుడప్పుడు తీసికొనిపోవుట మేలు.

ఆ తండ్రిగారి సంగతి చెప్పుట మిగిలినది. వారము దినములు మన బడి ఆవరణములో మా కారుపై అభ్యసించి, ఆయన సముదాయపు పెద్దలయొద్దకు పోయి, ఒక కారును వారి యెదుటనే తుడిచి చూపినారు. నలుగురు యజమానులు ఒప్పుకొనలేదు. నీళ్లు పోయనిదే కడిగినట్లు కాదని వారి పట్టుదల. తక్కిన పదునాలుగు కార్లు ఆయనకు దక్కినవి. ఒక సంవత్సరము గడచిన పిదప ఆ నలుగురిలో ఇద్దరు తిరిగి పిలిచిరి. ఇప్పుడు ఆయన సంచిలో రెండు పిచికారీ సీసాలు, ముప్పదికి పైగా గుడ్డలు ఉండును. “నీళ్లు మోసేది తప్పింది అయ్యవారూ, గుడ్డలు ఉతికేది ఎక్కువాయె” అని మొన్న కనబడినప్పుడు అన్నారు. ఆ ఉతుకుట ఇంట ఆయన భార్య పాలబడినదని బాలిక మాతో వేరుగ చెప్పినది. ఇది మా లెక్కలలో చేరని సంగతి.

కార్లు, ఆటోలు, టాక్సీలు తోలు తండ్రులు, కడుగు పనికి పోవు తల్లులు ఈ పద్ధతిని కన్నులార చూడగోరిన, ప్రతి శనివారము మధ్యాహ్నము బడి విడిచిన పిదప విజ్ఞానశాల వెనుకనున్న వేపచెట్టు నీడకు రావచ్చును. కారు మాది, ద్రవము సంఘమువారిది. గుడ్డలు మాత్రము ఎవరివి వారు తెచ్చుకొనవలెను.